ఏటికిచ్చిన ప్రాణం

పోయిన వారం మీరు నన్ను వదిలిపెట్టింది కురాతాని ఆనకట్ట గట్టు మీద. చేతిలో మోగుతున్న ఫోను, వెనకాల ఊరంతా చప్పట్లు, కేకలు. ఎందుకుండవు మరి? ఆనకట్ట పక్కనుంచి ఏటవాలు దారి కట్టిస్తామని నీటిపనుల వాళ్ళు ఎట్టకేలకు తలొగ్గారు. పుస్తకాల్లో పెద్ద సాలమాండర్ అని రాసే, బల్లిలాంటి నీటి జంతువునే మా లోయలో హంజాకి అంటాం. ఇక మీదట మా హంజాకీలు ఆనకట్టకి తల బాదుకోకుండా కింది మడుగు నుంచి పై మడుగుకి పోవచ్చు. చట్టం వాటి పక్షాన ఉందని ఒప్పించడానికి మా మామగారు ఇసాబురో ఎక్కని గుమ్మం లేదు. ఆ రోజు ఆయన్ని భుజాల మీద ఊరేగించడం ఒక్కటే తక్కువ.

ఆ ఫోను ఎత్తకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. ఎత్తాను.

"చిగూసా గారూ, వేసవి మొదట్లో తీసిన నమూనాల ఫలితాలు వచ్చాయి," అన్నారు కజామా గారు. విశ్వవిద్యాలయం నుంచి ఏళ్ళ తరబడి మా ఏటికి వచ్చిపోయే పరిశోధకురాలు ఆవిడ. నవ్వకుండా మాట మొదలుపెట్టడం నేనెప్పుడూ వినలేదు. "ఎక్కడున్నారు? కాస్త కూర్చోండి."

"ఫరవాలేదు, చెప్పండి."

"కింది మడుగులో ఒక్కటి కూడా అసలు హంజాకి కాదు. అన్నీ కలగలిసినవే. చైనా జాతి రక్తం ఉంది. పెద్దాయనలో కూడా."

పెద్దాయన అంటే మనిషి కాదని పాత పాఠకులకు చెప్పక్కర్లేదు. ఆనకట్ట కింద, రాతిగట్టు కన్నంలో ఉండే మగ హంజాకి. ఏటా వేసవి చివర ఆ కన్నాన్ని ఆక్రమించుకుంటాడు. ఆడవి వచ్చి గుడ్లు పెట్టి వాటి దారిన అవి పోతే, తోకతో నీళ్ళు విసురుతూ, అన్నం నీళ్ళు మానేసినవాడిలా చలికాలమంతా పిల్లల్ని కాస్తాడు. మా ఊరి సాకే సారా సీసా మీద బొమ్మ ఆయనదే. మామగారు పొద్దున్నే ఆయన్ని పలకరించనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టరు.

"అయితే ఇప్పుడు?" అన్నాను. తెలిసే అడిగాను. తెలియకపోవడమేమిటి, ఇలాంటి జంతువుల బాగోగులు చూసేది మా టౌను విద్యా కార్యాలయమే, అక్కడ ఆ ఫైళ్ళు వచ్చి పడేది నా బల్ల మీదే కదా. అసలు హంజాకి అయితే చట్టం దాన్ని నెత్తిన పెట్టుకుంటుంది. చెయ్యి వెయ్యాలంటే రాజధాని నుంచి అనుమతి రావాలి. కలిసిన రక్తమని తేలిందా, ఇంకో చట్టం దాన్ని పరాయిదంటుంది. ఏట్లోంచి తీసెయ్యాలి. ప్రాణంతో మోసుకెళ్ళినా, ఇంట్లో ఉంచుకున్నా, మళ్ళీ ఏ నీళ్ళలో వదిలినా నేరమే, జైలే. మా ఇంట్లో చట్టమంటే నేనే. నా ఖర్మ.

"రేపు పొద్దున్నే వస్తాం," అన్నారావిడ. "గుడ్లు పెట్టే రోజులు ముంచుకొచ్చాయి. ఈలోపే ఆయన్ని తీసెయ్యాలి. పై మడుగు ఫలితాలు ఇంకా రాలేదు, వాటి మీద నాకేం ఆశ లేదు. ఇసాబురో గారికి... మీరే చెప్పండి. నాకు ధైర్యం చాలదు."

నాకు మాత్రం చాలుతుందేమిటి?

ఆ రోజే మా ఊళ్ళో జిజో స్వామి పండగ. చిన్నపిల్లల దేవుడు గనక వంతెన దగ్గర గుడి ముందు పిల్లల పేర్లు రాసిన కాగితపు లాంతర్లు వరసగా వేలాడుతున్నాయి. వాటి మధ్య ఒక లాంతరు మీద సయో అని ఉంటుంది. మామగారి కూతురు, మా ఆయనకి అక్క. బడిలో వెయ్యకముందే ఆనకట్ట కింది మడుగులో మునిగిపోయింది. అప్పటికి మా ఆయనింకా పుట్టలేదు. ఏటేటా కొత్త కాగితం అతికించి ఆ లాంతరు కడతారు, ఊళ్ళో ఎవరూ ఏమీ అనరు.

అత్తయ్య ఫుజినో రాతి విగ్రహాల మెడలో ఎర్రగుడ్డలు కడుతోంది. నన్ను చూడగానే అందుకుంది.

"రావే, రా. మీ మామని చూడు, కుస్తీ గెలిచిన వస్తాదులా ఎలా తిరుగుతున్నాడో! పొద్దుటి నుంచీ ఈ పిండి ఉండలు పళ్ళెంలో సర్దమంటే, పెద్దాయనకి శుభవార్త చెప్పొస్తానని ఏట్లోకి పోయాడు."

"చెప్పాను. విన్నాడు," అన్నారు మామయ్య, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి తడికాళ్ళతో వస్తూ. "బుర్ర బయటపెట్టి ఒక బుడగ వదిలాడు."

"ఇన్నేళ్ళుగా నేను మాట్లాడితే ఒక్క బుడగైనా వదిలావా నువ్వు?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మామయ్యా నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ నోరు వంకర పోయింది. అది అత్తయ్య కంటపడింది. ఆవిడ కంట పడనిదంటూ ఉంటేగా.

"ఏమైందే? మొహం అలా వేలాడేశావేం?"

"ఇంటికెళ్దాం, అత్తయ్యా. ఇద్దరూ రండి."

మా ఆయన కలప కోత మిల్లులో ఉన్నాడు. ఇంట్లో ఉన్నా ఇలాంటప్పుడు నోరు విప్పే మనిషి కాదులెండి. వంటింటి గడప దగ్గర ముగ్గురం కూర్చున్నాం. అత్తయ్య పొయ్యి మీది ఎర్రచిక్కుళ్ళ అన్నం దించడానికి మధ్యలో లేచింది. నేను మెలికలు తిప్పకుండా ఉన్నదున్నట్టు చెప్పేశాను. అలా చెప్పకపోతే ఏడుపొచ్చేస్తుందని నాకు తెలుసు.

మామయ్య బార్లీ నీళ్ళ గ్లాసు నోటి దాకా తెచ్చి, తాగకుండా చేత్తోనే పట్టుకున్నారు.

"వాణ్ణి చంపుతారా?"

"లేదు, మామయ్యా. తొట్టిలో పెడతారు."

"ఎన్నాళ్ళు?"

"బతికినన్నాళ్ళూ."

"సిమెంటు తొట్టా?"

నేను తలూపాను.

"కన్నం ఉంటుందా అందులో?"

ఏం చెప్పమంటారు? ఆ తొట్లు నేను చూశాను. మూలకి ఒక ప్లాస్టిక్ గొట్టం పడేసి ఉంటుంది.

"ఒక్క ఏడాది ఆగమను," అన్నారాయన. గొంతు తగ్గించి, బతిమాలినట్టు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను దేనికీ బతిమాలలేదు. "ఈ ఒక్క కాన్పు కానియ్యమను. నీ చేతిలో పనే కదా అమ్మాయ్. ఫైలు కిందా మీదా అయిందని చెప్పు. ఆఫీసుల్లో అవుతూనే ఉంటాయిగా అలాంటివి?"

"అవ్వవు, మామయ్యా. నా దగ్గర అవ్వవు."

"అంతేలే. నువ్వు మా ఇంటి కోడలివని ఇన్నాళ్ళూ పొరబడ్డాను. ఆఫీసు కోడలివి నువ్వు!"

"ఈ చట్టం కోసమే కదా మీరు ఊరూరా తిరిగారు?" నాకూ ఒళ్ళు మండింది. "హంజాకి జోలికి ఎవడూ రాకూడదన్నారు. ఇప్పుడదే చట్టం మన గుమ్మంలోకొస్తే ఫైలు దాచమంటారా? మిమ్మల్ని చూసి నీటిపనుల వాళ్ళు నవ్వరా?"

"నవ్వనియ్! నేను వాణ్ణి కాపాడమని తిరిగాను, పట్టుకుపొమ్మని కాదు!" గ్లాసు ఠంగుమని కింద పెట్టారు. నీళ్ళు చాప మీద ఒలికాయి. "చైనాదట! ఈ కొండసందులోకి చైనాది ఎవడు తెచ్చాడు? ఎవడో డబ్బు మదమెక్కిన పట్నం వెధవ సరదాకి పెంచి, మేపలేక ఏట్లో పారేసి ఉంటాడు. ముందు వాణ్ణి పట్టుకోండి. ఆ వెధవని తొట్టిలో పెట్టండి!"

అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏమయ్యా," అంది మెల్లగా.

"నువ్వుండు."

"నువ్వే కదయ్యా తెచ్చింది."

ఆయన ఆవిడ వైపు తిరిగారు.

"సయో పోయిన ఏడు," అంది అత్తయ్య. "పట్నం నుంచి తడిగోనెలో ఏం తెచ్చావు? నేనే కదా వాకిట్లో దాని మీద నీళ్ళు చల్లాను. మర్చిపోయావా?"

మా లోయలో మనిషి పోతే ఏడాది తిరక్కముందే, పోయినవాళ్ళ పేరు చెప్పి ప్రాణమున్న జీవాన్ని ఒకదాన్ని ఏటికి వదులుతారు. చావబోయేదాన్ని కొని వదిలితే మరీ మంచిదంటారు. మామూలుగా ఏ చేపో, ఓ గంపెడు నత్తలో. గుడి గురువుగారు వచ్చి నాలుగు మాటలు చదువుతారు. నా పెళ్ళయ్యాక నేను చూసినవన్నీ చేపలే. సయోకి ఏం వదిలారని నేనెప్పుడూ అడగలేదు. ఆ ఇంట్లో సయో మాట ఎవరెత్తుతారు?

"అది హంజాకీయే," అన్నారు మామయ్య. ఆ మాట మా ఇద్దరితో కాదు, తనకు తాను చెప్పుకున్నట్టుంది. "హంజాకిలాగే ఉంది. అదే మూతి, అవే కళ్ళు. నాకు తెలీదా హంజాకి?"

"ఎక్కడ దొరికింది, మామయ్యా?"

"కలప తోలుకుని పట్నం వెళ్ళాను. ఓ భోజనశాల పెరట్లో రేకు తొట్టిలో ఉంది. వంటవాడు అక్కడే కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. నేను చూస్తుంటే అది తొట్టి అంచు మీద చెయ్యి వేసింది. నాలుగు వేళ్ళు. ఒళ్ళేమో అంత ఒళ్ళు, చెయ్యి మాత్రం చంటిపిల్ల చెయ్యి. పైకి రావడానికి చూస్తోంది, జారిపోతోంది, మళ్ళీ చెయ్యి వేస్తోంది." ఆయన తన అరచెయ్యి వైపు చూసుకున్నారు. "మా పిల్ల కూడా ఆ గట్టు మీద అలాగే చెయ్యి వేసుంటుంది కదా. అప్పుడక్కడ ఎవరూ లేరు. ఇక్కడ నేనున్నాను. ఎలా వదిలేసి రమ్మంటావు అమ్మాయ్?"

అత్తయ్య ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది.

"ఎక్కడిదని అడగలేదా?" అన్నాను.

"అడిగాను. చాలా దూరం నుంచి తెప్పించామన్నాడు. పక్క జిల్లా అనుకున్నాను."

ఇంకో సందర్భమైతే ఆ మాటకి ముగ్గురం నవ్వేవాళ్ళం. అంత దుఃఖంలో ఉన్న మనిషి అంతకన్నా ఏం అడుగుతాడు?

"సయో మునిగిన చోటే వదిలాను," అన్నారు. "గురువుగారు చదివారు. అది నీళ్ళలోకి పోతూ ఒకసారి ఆగింది. తర్వాత కొన్నేళ్ళకి ఆ కన్నంలోంచి పిల్లలు బయటికొచ్చాయి. వేలెడేసి లేవు. మీ అత్తని పిలిచి చూపించాను కూడా. ఆ తర్వాత ఇంకో తరం. ఈ పెద్దాయన దానికి కొడుకో మనవడో. పైకి ఎవరితోనూ అనలేదు గానీ లోపల లెక్క పెట్టుకుంటూనే ఉన్నాను. మా పిల్ల బతికుంటే ఈపాటికి దానికి పెళ్ళి, దానికి పిల్లలు, ఆ పిల్లలకి పెళ్ళిళ్ళు... నాకేం మిగిలిందమ్మా? రోజూ వెళ్ళి వాణ్ణి చూసొస్తే మనవణ్ణి చూసొచ్చినట్టుండేది."

నేనింక ఆపుకోలేకపోయాను. వెక్కివెక్కి ఏడ్చాను. ఆఫీసు కోడలన్న కోపం ఎక్కడికి పోయిందో. లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన ఏడవలేదు. కాసేపటికి తల తిప్పి నా మొహంలోకి చూశారు.

"అయితే మన హంజాకీల్ని నాశనం చేసింది నేనేనన్నమాట."

"తెలియక చేశారు, మామయ్యా."

"అది కాదు నేనడిగింది. అవునా, కాదా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఒకటి తేవడం వల్లే ఇదంతా అయిందని ఎవరు చెప్పగలరు, ఇంకెవరైనా తెచ్చారేమో, అని ఏదో ఒకటి అనొచ్చు. కానీ ఆ కళ్ళు చూస్తూ చెప్పలేకపోయాను.

"అవును," అన్నాను.

ఆయన లేచారు. ఒలికిన నీళ్ళు తన భుజం మీది తువ్వాలుతో శుభ్రంగా తుడిచారు. "సరే, రేపు రమ్మను," అన్నారు. ఆ సరే వినగానే నా ప్రాణం కాస్త కుదుటపడింది. అదెంత బుద్ధితక్కువో అప్పుడు తెలీలేదు. ఆయన గుడి దగ్గరికెళ్ళి సయో లాంతర్లో దీపం పెట్టొచ్చారు. అన్నం ముట్టలేదు. అత్తయ్య కూడా బలవంతపెట్టలేదు.

పొద్దున నేను లేచేసరికి మామయ్య లేరు, వాకిట్లో చిన్న ట్రక్కూ లేదు. లాంతర్లు విప్పి తేవడానికి వెళ్ళుంటారనుకున్నాను.

కజామా గారు తన మనుషులతో, ఒక పొడుగాటి తొట్టితో వచ్చారు. అందరం మడుగు దగ్గరికి దిగితే అక్కడే ఉన్నారాయన, రాయి మీద కూర్చుని. ఛాతీ దాకా తడిసిపోయి ఉన్నారు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఏట్లోకి దిగారా? ఈ వయసులో, ఒక్కరూ!" అని కేకలేశాను.

"వాడి దగ్గర సెలవు తీసుకున్నానులే."

నా పైచొక్కా తీసి ఆయన భుజాల మీద కప్పాను. వద్దనలేదు. కజామా గారు ఆయన ముందు నడుం వంచి నిలబడి, తల ఎత్తలేక చాలాసేపు అలాగే ఉండిపోయారు.

"నీ తప్పేముందమ్మా," అన్నారు మామయ్య. "నీ పని నువ్వు చేసుకో."

కర్రకి కట్టిన కెమెరా కన్నంలోకి పెట్టారు. కన్నం ఖాళీగా ఉంది. పక్క కన్నం చూశారు, రాళ్ళ కింద చూశారు, మడుగంతా వలేసి గాలించారు. చిన్నవి రెండు దొరికాయి, వాటిని తొట్టిలో వేశారు. పెద్దాయన జాడ లేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. నేను కంగారు పడుతుంటే కజామా గారు మాత్రం గట్టు మీద చతికిలబడి సీసాలో నీళ్ళు తాగారు.

"పోతే ఎక్కడికి పోతాడు, చిగూసా గారూ. కిందికే పోయుంటాడు. సాయంత్రానికి దొరుకుతాడు. పైకి మాత్రం పోలేడు, ఆనకట్ట ఉందిగా." అంటూనే ఆవిడ మొహం ఒక్కసారి వెలిగింది. "అన్నట్టు, మీకొక మంచిమాట చెప్పాలి. దారిలో వస్తుంటే ఫోనొచ్చింది. పై మడుగు ఫలితాలు. అవి అసలైనవి!"

"ఏమిటీ?"

"పై మడుగులో ఉన్నవన్నీ అసలు హంజాకీలే. ఒక్క చుక్క కూడా కలవలేదు. ఈ ఏటి మొత్తంలో మిగిలింది ఆ గుప్పెడే. మనం తిట్టిపోసిన ఈ ఆనకట్టే వాటిని కాపాడింది, చూశారా? ఆ ఏటవాలు దారి పని ఇవాళే ఆపించాలి." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అవి సంతోషపు నీళ్ళు. "నిన్నంతా ఏడ్చాను, ఇవాళ మళ్ళీ ఊపిరొచ్చింది. పైన ఒక్కటే మగది, బాగా ముసలిది, కన్నం పట్టుకుని కూర్చుంది. ఇవాళో రేపో ఆడవి వస్తాయి. పెద్దాయనలాంటివాడు పైకెక్కగలిగితే మాత్రం ఆ ముసలిదాన్ని ఒక్క కాటుకి తరిమేసి కన్నం లాక్కునేవాడు. దాంతో అయిపోయేది, ఈ ఏట్లో హంజాకి అన్న పేరే మిగిలేది కాదు. ఎక్కలేకపోయాడు, మన అదృష్టం."

ఆవిడ తన మనుషులకి ఏదో పురమాయించడానికి అటు తిరిగారు. నా మోచేతిని ఎవరో గట్టిగా పట్టుకున్నారు. మామయ్య. రాయి మీంచి ఎప్పుడు లేచి వచ్చారో తెలీదు.

"అమ్మాయ్," అన్నారు, నాకు తప్ప ఎవరికీ వినపడని గొంతుతో. "పైన మనవి ఉన్నాయా? అసలైనవి?"

"ఉన్నాయి మామయ్యా. మీరు నాశనం చేసింది అంతా కాదు. ఉన్నాయి!"

ఆయన మొహంలో సంతోషం కోసం చూశాను. రక్తం చుక్క లేదు ఆ మొహంలో.

"తెల్లారుజామునే... తడిగోనెలో పెట్టి... ట్రక్కులో..." ఆయన కళ్ళు ఆనకట్ట పైకి పోయాయి. "పైన ఎవరూ వెతకరనుకున్నాను, తల్లీ. వాడొక్కడైనా హాయిగా ఉంటాడనుకున్నాను. సయో పేరు చెప్పి, దండం పెట్టి మరీ వదిలాను."

నోరు తెరిస్తే ఈ ముసలాయన చేతులకు నేనే సంకెళ్ళు వేయించిన దాన్నవుతాను. తెరవకపోతే ఇవాళో రేపో ఆడవి ఆ కన్నం చేరతాయి.

కజామా గారు చేతులు తుడుచుకుంటూ మా వైపు తిరిగారు.

"ఏమంటున్నారు ఇసాబురో గారు?" అని నన్ను అడిగారు, నవ్వుతూ.